పిలుపు అందని అత్త

స్ఫాక్స్,
9 జూన్ 1998

తమ్ముడు లమ్జెద్‌కి,

నీకు ఫోన్ చేయడం మానేశాను. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ "హమ్మామెత్‌లో ఉన్నానక్కా, హోటల్లో ప్రోగ్రాం నడుస్తోంది, తర్వాత మాట్లాడతా" అన్నావు. ఆ "తర్వాత" ఎప్పటికీ రాదని అర్థమైంది. అందుకే కాగితం మీద రాసి, టూనిస్‌కి అద్దె కారు నడిపే అమ్మార్ చేత పంపుతున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబు రాసి అతని చేతికే ఇవ్వు. రేపు "నేనలా అనలేదు" అన్నావంటే తీసి చూపించడానికి నా దగ్గరుంటుంది.

ఓల్ఫా పెళ్ళి జులై ఇరవై అయిదు, శనివారం. కాబోయే వియ్యపురాలు నజీహా రాజధాని మనిషి. ఇక్కడ ఏది చూసినా పెదవి విరుస్తుంది. పెళ్ళికూతురి చేత చేప దాటించే తంతు అసలే వద్దంది. హాల్లో చేప కంపు ఏమిటట. స్ఫాక్స్‌లో చేప దాటకుండా ఏ పిల్ల కాపురానికి వెళ్ళిందో నాకు తెలియదు. అయినా పిల్ల సుఖం చూసుకోవాలి కదా, నోరు మూసుకున్నాను.

ఇక ఆవిడ నోరు మూయించే పని నీది. సూస్‌లో మీ బావ తిజానీ వాళ్ళ బంధువుల పెళ్ళికి నీ వేషగాళ్ళు వచ్చారట. వేదిక ఎక్కకుండా, అతిథుల మధ్యే తిరుగుతూ నవ్వించారట. అందులో ఒక ముసలమ్మ వేషం ఉందట, "పిలవని అత్త" అని. తెల్ల సఫ్సారీ దుప్పటి తల మీద నుంచి కప్పుకుని, బల్ల బల్లకీ వెళ్ళి "నన్ను పిలవలేదేం" అని సాధిస్తూ, జనం కంచాల్లో మాంసం ముక్కలు ఏరుకుంటుందట. మా ఆడపడుచు చూసొచ్చి, చెప్పేటప్పుడే పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు ఆ వేషం కావాలి. మిగతావాళ్ళని పంపినా పంపకపోయినా సరే, ఆ ముసలమ్మ తప్పకుండా రావాలి.

నువ్వు మేనమామవి. నీ కానుక ఇదే అనుకుంటాను.

నీ అక్క,
షెద్లియా

*

టూనిస్,
14 జూన్ 1998

అక్కా,

ఓల్ఫాకి నా ముద్దులు. మనుషుల్ని పంపుతాను. దొంగ సర్వరు వస్తాడు, ఖాళీ కంచం మీద మూత పెట్టి తెచ్చి, ఎంతో మర్యాదగా మూత తీసి, "ఎలా ఉందండీ?" అని అడుగుతాడు. మంత్రుల ఇళ్ళలో కూడా జనం "బాగుంది" అన్నారు. కస్టమ్స్ అధికారి వస్తాడు, ఆడవాళ్ళ సంచులు తూచి ముద్ర వేస్తాడు. తేనెటీగలవాడు వల పట్టుకుని జనం జుట్ల మధ్య ఒకే ఒక్క తేనెటీగని వెతుకుతాడు. ముసలమ్మ సంగతి చూస్తాను.

ముందు నాకొకటి చెప్పు. మబ్రూకా అత్తని పిలిచావా?

కార్డు పంపానని చెప్పకు. మన ఊళ్ళో అచ్చు వేసిన కార్డు పిలుపు కాదని నీకు నేను చెప్పాలా? ఇంటి ఆడమనిషి బట్టలు మార్చుకుని, గడప ముందు నిలబడి, ఇరుగుపొరుగు వినేలా నోటితో అంటేనే పిలుపు. నీ ఇంటి నుంచి పాత కోటలో ఆమె సందుకి ఇరవై నిమిషాల నడక. ఎనిమిదేళ్ళుగా ఆ ఇరవై నిమిషాలు నీకు దొరకలేదు. అమ్మ పోయేటప్పటికి నీకు ఎనిమిది, నాకు మూడు. ఎవరు వండి పెట్టారు మనకి? నాన్న చెల్లెలు అన్న పాపానికి పెళ్ళి కూడా చేసుకోకుండా మన ముక్కులు తుడిచింది ఆమె. నీ కూతురి పెళ్ళికి ఆమె లేకపోతే ఆ పెళ్ళేమిటి?

వెళ్ళు. వెళ్ళి పిలువు.

లమ్జెద్

*

స్ఫాక్స్,
19 జూన్ 1998

లమ్జెద్,

నేను వేషగాళ్ళని అడిగాను, హితబోధ అడగలేదు.

నీకు అప్పటి సంగతి గుర్తులేదా, లేక గుర్తులేనట్టు నటిస్తున్నావా? నటన నీ వృత్తే కదా. నా కొడుకు సున్తీ పండగనాడు, మా అత్తగారి ముందు, ఇంటినిండా జనం ఉండగా, అమ్మ వెండి చేప ఇవ్వమని అడిగాను. మనిద్దరి ఉయ్యాల మీదా వేలాడిన చేప. నా కొడుకు మెడలో ఒక్కరోజు వేద్దామని అడిగాను. ఆవిడ ఏమందో తెలుసా? "దాని వేళ దానికి ఉంది, ఇప్పుడు కాదు" అంది. నా తల్లి వస్తువు, నేను అడిగితే, వేళ కాదట. అప్పుడు నేనన్నాను, "ఉంటే కదా ఇవ్వడానికి. ఎవరికిచ్చావో, ఎక్కడ అమ్ముకున్నావో, దొంగ" అని. అవును, అన్నాను. అంటే ఆవిడ సఫ్సారీ సర్దుకుని లేచి వెళ్ళిపోయింది. చేప తెచ్చి నా మొహాన కొట్టి ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని. తేలేదు. ఎనిమిదేళ్ళయింది. అంటే నేనన్నది నిజమే కదా.

ఆవిడ పేరు ఈ ఉత్తరాల్లో ఇంకోసారి రాయకు. ముసలమ్మ వేషం పంపు.

షెద్లియా

*

టూనిస్,
2 జులై 1998

అక్కా,

అత్తని పిలవని ఇంటికి నేను రాను. ఓల్ఫాకి ఏం చెప్పుకుంటావో చెప్పుకో. మామయ్యకి జ్వరమను.

నా మనుషులు మాత్రం వస్తారు, మాటిచ్చాను కాబట్టి. అయిదింటికల్లా హాలు దగ్గరుంటారు. వాళ్ళకి వేరే గదీ, ఒక అద్దమూ ఇవ్వు. వాళ్ళతో మనుషులతో మాట్లాడినట్టు మాట్లాడు.

లమ్జెద్

*

స్ఫాక్స్,
27 జులై 1998

లమ్జెద్,

పెళ్ళి అయిపోయింది. పిల్లలు జెర్బా వెళ్ళారు. నా ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది, చల్లారకముందే రాస్తున్నాను.

సర్వరు బాగా చేశాడు. కస్టమ్స్ వాడు నజీహా సంచీలోంచి మా బల్ల మీది బాదం మిఠాయిలు నాలుగు బయటికి తీశాడు. ఆవిడ ముఖం చూడాలి, నాకు మహా ఆనందమైంది. ఇంతవరకూ నీకు రుణపడ్డాను.

తర్వాత వచ్చింది నీ ముసలమ్మ. అప్పటికి మిగతా ముగ్గురూ బట్టలు మార్చుకోవడానికి వెళ్ళిపోయారు. వస్తూనే గుమ్మం దగ్గర మేకు దిగినట్టు నిలబడిపోయాడు నీ మనిషి. సూస్‌లో చూసినవాళ్ళందరూ "పిలవని అత్త వచ్చింది, పిలవని అత్త వచ్చింది" అని చప్పట్లు కొడుతుంటే నోట్లోంచి ఒక్క మాట లేదు. వెనక్కి తిరిగి చూస్తాడు, ముందుకి చూస్తాడు. మా ఆడపడుచు వెళ్ళి "ఆ మాట చెప్పు, ఆ మాట చెప్పు" అని బతిమాలితే అప్పుడు చెప్పాడు, "పిలవకపోతే ఏం, ఆకలి పిలిచింది" అని. హాలంతా పగలబడి నవ్వింది.

ఆ తర్వాత పట్టపగ్గాలు లేవు. నజీహా ముందు నిలబడి, "ఈమె కొడుకు పెళ్ళికి వచ్చిందా, పరామర్శకి వచ్చిందా? ముఖం చూస్తే తెలియడంలేదు" అన్నాడు. మా ఆయన్ని చూసి, "నువ్వింకా తడిసిన పరుపులాగే ఉన్నావా నాయనా" అన్నాడు. జనం నవ్వారు, నిజమే. పెళ్ళికొడుకు స్నేహితుడొకడు విగ్గు చూద్దామని దుప్పటి లాగి జుట్టు పట్టుకుని గుంజాడు. ఎంత గట్టిగా అతికించాడో, ఊడి రాలేదు. గోరింటాకు రంగు కూడా భలే కుదిరింది.

సరే, అక్కడితో ఆగాడా? నేరుగా పెళ్ళికూతురి కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఓల్ఫా చెయ్యి పట్టుకుని, చేతిలో ఏదో మూట పెట్టి, ఏడవడం మొదలుపెట్టాడు. లమ్జెద్, ఏడుపు ఎవడు చేయమన్నాడు? పెళ్ళికూతురి ముందు కన్నీళ్ళు ఎంత అశుభమో నీ మనిషికి తెలియదా? ఓల్ఫా భయపడి మూట నా చేతిలో పడేసింది. నజీహా చూస్తోంది. నా తల కొట్టేసినట్టయింది. వెళ్ళి వాడి రెక్క పట్టుకుని, జనం మధ్యలోంచి లాక్కుపోయి, వంటింట్లోకి తోశాను. "అద్దెకొచ్చినవాళ్ళ తిండి ఇక్కడ. తిని వెళ్ళు" అన్నాను. పీట మీద కూర్చుని కుస్కుస్ తిన్నాడట. పోతూ పోతూ ఒక చెక్క చెప్పు కూడా వదిలేసిపోయాడు.

నాకు క్షమాపణ కావాలి. నీది కాదు, వాడిది.

షెద్లియా

*

టూనిస్,
30 జులై 1998

అక్కా,

వాడిని తీసేశాను. వాడి పేరు బూరావీ, ఏడేళ్ళుగా నాతో ఉన్నాడు. నీ ఉత్తరం చదివి చెప్పులు కూడా వేసుకోకుండా వాడింటికి వెళ్ళాను. "నేను వెళ్ళలేదు, నీ మీదొట్టు" అన్నాడు. "నోర్ముయ్" అన్నాను. వాళ్ళావిడ ముందే అన్నాను. ఓల్ఫా పెళ్ళికి ఆ వేషం వెళ్ళకూడదని నేనే వాడికి చెప్పాను. నీకు చెప్పలేదు, అది నా తప్పు. నన్ను కాదని వెళ్ళాడంటే ఇక వాడితో నాకు పనిలేదు. ఎందుకు వద్దన్నానో అడగకు.

నీకు కావలసినదానికంటే ఎక్కువే అయింది. కానీ నీ ఉత్తరంలో ఒక్క మాట నన్ను గుచ్చుతోంది. "అద్దెకొచ్చినవాళ్ళ తిండి ఇక్కడ." నేనూ అద్దెకొచ్చినవాణ్ణే, అక్కా. పదిహేనేళ్ళుగా జనం పెళ్ళిళ్ళలో వంటింట్లోనే తింటున్నాను. నీ ఇంట్లో కూడా అదే పీట వేస్తావని తెలియదు.

లమ్జెద్

*

స్ఫాక్స్,
4 ఆగస్టు 1998

లమ్జెద్,

అడగకు అన్నావు కాబట్టే కనుక్కున్నాను. వీడియో కేసెట్టు వచ్చింది. నేనింకా చూడలేదు, ఆ ఏడుపు మళ్ళీ చూసే ఓపిక నాకు లేదు. మా ఆడపడుచు చూసి, "వదినా, ఈ నడక, ఈ మాట, దుప్పటి అంచు పళ్ళతో పట్టుకోవడం, అచ్చం మీ మబ్రూకా అత్తే" అంది. ఆ క్షణంలో నాకు అంతా వెలిగింది. "పిలవకపోతే ఏం, ఆకలి పిలిచింది" అనేది ఆమె మాట. పక్కింట్లో పొంగరొట్టెలు వేయిస్తుంటే ఆ మాట అంటూనే గుమ్మం దాటేది. మర్చిపోయాను.

అంటే నువ్వు ఏడేళ్ళుగా అత్తని అమ్ముకుంటున్నావు. ప్రతి పండక్కీ ఆమె ఇంటికి వెళ్తున్నావని మనసులో నిన్ను మెచ్చుకునేదాన్ని. తీరా చూస్తే ఆమె ఎలా దగ్గుతుందో, ఎలా కూర్చుంటుందో చూసి రావడానికి వెళ్ళావు. సిగ్గులేదా నీకు? నాకూ ఆమెకీ పడదు, అది మా ఇంటి గొడవ. నేను దొంగ అన్నాను, మొహం మీదే అన్నాను. నువ్వు ఆమె పెట్టిన టీ తాగి, బయటికొచ్చి, ఆమెని హోటళ్ళలో జర్మన్ వాళ్ళకి ఆడించి చూపించావు. నాకు హితబోధ చేసింది నువ్వేనా?

నీ మనిషి వదిలేసిన సామాను పంపుతున్నాను. చెక్క చెప్పు ఒకటి. ఓల్ఫా చేతిలో పెట్టిన రుమాలు మూట ఒకటి, ముడి విప్పలేదు, వేషగాడి మూటలో ఏముంటుంది, ఏ రేకు ముక్కో. కేసెట్టు కూడా ఉంది. నీ కళ్ళతో నువ్వే చూసుకో.

షెద్లియా

*

టూనిస్,
9 ఆగస్టు 1998

అక్కా,

కూర్చుని చదువు.

ముడి విప్పాను. లోపల ఉన్నది అమ్మ వెండి చేప. పోలికగా ఉన్న ఇంకో చేప కాదు. తోక దగ్గర రెండు నొక్కులున్నాయి. ఉయ్యాల్లో ఉన్నప్పుడు నేను కొరికిన గాట్లవి, అత్త వందసార్లు వేలు పెట్టి చూపించింది. అమ్మిందనీ, ఎవరికో ఇచ్చిందనీ నువ్వు దొంగ అన్నావే, ఆ చేప. దాని వేళ దానికి ఉందని ఆమె చెప్పింది కదా. ఓల్ఫా పెళ్ళికి దాచింది. హాల్లో చేప దాటించడం లేదని ఎవరో చెప్పి ఉంటారు, అందుకని చేపనే తీసుకుని వచ్చింది.

బూరావీ ఆ సాయంత్రం బిజెర్తాలో ఉన్నాడు, వాళ్ళ మామగారింట్లో. వాడికి జుట్టే లేదు, అక్కా. ఉన్నది విగ్గు. ఒక్క గుంజుకి ఊడొస్తుంది. మిగతా ముగ్గురినీ ఇప్పుడు అడిగాను, ముందే అడగాల్సింది. వెళ్ళిపోతూ గుమ్మంలోంచి చూశారట. "మీ అక్క ఊళ్ళోనే ఎవరినో మాట్లాడుకుందనుకున్నాం. చాలా బాగా చేసింది, బూరావీ కంటే బాగా చేసింది" అన్నారు.

కేసెట్టు నాలుగుసార్లు చూశాను. నువ్వూ చూడాలి, తప్పించుకోకు. జనం చప్పట్లు కొడుతుంటే ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎవరిని చూసి నవ్వుతున్నారా అని చూసింది. తర్వాత నీ ఆడపడుచు "ఆ మాట చెప్పు" అంది. ఏ మాట అని అడిగింది అత్త. నీ ఆడపడుచే చెప్పి వినిపించింది. అప్పుడు ఆమె కళ్ళు చూడు. తన మాట వీళ్ళ నోట్లోకి ఎలా వచ్చిందా అని ఆలోచించింది. ఎంతోసేపు పట్టలేదు. ఆమెకి నా పని ఏమిటో తెలుసు.

అప్పుడు ఆమె "నేను నిజం అత్తని" అనొచ్చు. అనలేదు. పిలవకపోతే ఏం అంటూ మొదలుపెట్టింది. అరగంట నవ్వించింది, అక్కా. ఎవడో జుట్టు గుంజినా నవ్వించింది. ఓల్ఫా దగ్గర మాత్రం చేతకాలేదు. నువ్వు రెక్క పట్టుకుని లాగుతున్నావు, కేసెట్టులో నీ వీపు కనిపిస్తోంది. ఆమె నీ ముఖంలోకే చూస్తోంది. నువ్వు నజీహా వైపు చూస్తున్నావు.

తర్వాత ఒంటి చెప్పుతో ఇంటికి నడిచి వెళ్ళింది.

ఆ వేషం కట్టింది నేను. నా మీద ఎంత అరుస్తావో అరుచుకో. కానీ ఆమె ముఖం చూసింది నువ్వు. వెళ్ళు.

బూరావీ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, నన్ను చూసి, మళ్ళీ వేసేశాడు.

లమ్జెద్

*

స్ఫాక్స్,
15 ఆగస్టు 1998

లమ్జెద్,

చూశాను. మీ బావ ఆపబోతే రిమోట్ లాక్కుని మొత్తం చూశాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. తలుపు కొట్టాను. లోపల చప్పుడైంది, తీయలేదు. పక్కింటావిడ వచ్చి, "ఆమె ఊళ్ళో లేదమ్మా" అంది. లోపలి నుంచి అత్త గొంతు, "ఉన్నాననే చెప్పు. తీయనని చెప్పు" అంది. ఎనిమిదేళ్ళ తర్వాత విన్న గొంతు. అబద్ధం, ఇరవై రోజుల తర్వాత. ఆ రోజు హాల్లో నా చెవి పక్కనే వినపడింది కదా. ఆ గొంతు నేనెలా పోల్చుకోలేదు? సంగీతం ఉందనీ, దుప్పటి ఉందనీ, వేషం వస్తుందని ముందే తెలుసుననీ నాకు నేను చెప్పుకుంటున్నాను. ఏదీ సరిపోవడంలేదు. నా మీద నాకు వచ్చే కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక మీ బావ మీద తీర్చుకుంటున్నాను.

మూడురోజులు వరసగా వెళ్ళాను. ఓల్ఫా జెర్బా నుంచి వచ్చింది, చేప దాటించే తంతు మన ఇంట్లో చేస్తాను, నజీహా ఏమన్నా సరే, చేప నువ్వే పట్టుకోవాలి అని తలుపుకి చెప్పాను. మూడోరోజు తలుపు అవతలి నుంచి ఒకే మాట వచ్చింది. "నన్ను ఆడేవాడు ఎవడో వాడిని రమ్మను. కూలికి పెట్టుకున్నవాడు కాదు. దొంగతనం చేసినవాడు. దుప్పటి కప్పుకుని వచ్చి, నా సందులో, నా ముందు ఆడమను. నేనెలా ఉంటానో చూడాలి."

నీ వంతు వచ్చింది. నాకు హితబోధ చేశావు కదా, ఇప్పుడు నువ్వు వెళ్ళు. నన్ను రావద్దంది.

షెద్లియా

*

టూనిస్,
30 ఆగస్టు 1998

అక్కా,

వెళ్ళొచ్చాను. నీ ఇంటికి రాలేదు, నీ ముఖం చూసే ఓపిక లేదు. నా ముఖం చూపించే ఓపిక అసలే లేదు.

దుప్పటి కోసం మళ్ళీ బూరావీ దగ్గరికి వెళ్ళాను. ఈసారి నిలబడి, వాళ్ళావిడ ముందు, నేను తప్పు చేశానని చెప్పాను. దుప్పటి తెచ్చి నా మొహాన విసిరాడు. "నీ అత్త, నువ్వే కప్పుకో" అన్నాడు. పనిలోకి వస్తావా అంటే, "చూస్తా" అన్నాడు.

అమ్మార్ కారు పాత కోట గుమ్మం దగ్గర ఆపాడు. అక్కడి నుంచి ఆమె సందు దాకా ఆ దుప్పటితో నడిచాను. అంగళ్ళ వాళ్ళు ఈలలు వేశారు. ఆమె తలుపు ముందు నిలబడి మొదలుపెట్టాను. దగ్గాను, సాధించాను, నడిచాను. సందంతా చేరి నవ్వింది. పదిహేనేళ్ళలో జనం నవ్వుతుంటే నాకు మధ్యలో ఆపేయాలనిపించడం అదే మొదటిసారి. తలుపు జానెడు తెరుచుకుంది. ఆమె చూస్తోంది, నవ్వలేదు. అయిపోయాక, "నేను ఈడ్చేది కుడికాలు. నువ్వు ఎడమది ఈడుస్తున్నావు. ఏడేళ్ళుగా తప్పు కాలితో తింటున్నావా?" అంది.

లోపలికి రానిచ్చింది. మంచినీళ్ళివ్వలేదు. "ఆ రోజు ఎందుకు చెప్పలేదత్తా, నువ్వెవరో?" అని అడిగాను.

"చెప్తే? ఆ పిల్ల పెళ్ళి అక్కడే ఆగేది. మీ అక్క ఆ నజీహా ముందు తల ఎక్కడ పెట్టుకునేది?" అంది. తర్వాత గొంతు పెంచింది. నేనెప్పుడూ వినలేదు ఆ గొంతు. "మీ ఇద్దరికీ నా చేత్తో తినిపించాను. ఒకడు నా కాళ్ళూ నోరూ ఎత్తుకుపోయి ఊరూరా తిప్పాడు. ఇంకొకతె నా ముఖం మర్చిపోయింది. నేను చచ్చాక చేయాల్సినవి బతికుండగానే చేశారు కదరా" అంది.

ఆ వేషం ఇక కట్టనని చెప్పాను. "కట్టొద్దన్నానా? కుడికాలు ఈడ్వమన్నాను" అంది.

చేప తిరిగిచ్చాను. తీసుకోలేదు. "పిల్లదది. వాళ్ళమ్మే వేయాలి" అంది. చేపా, చెక్క చెప్పూ అమ్మార్ చేత నీకు పంపుతున్నాను. తంతుకి వస్తుందట. రెండు షరతులు. నేను పిలిస్తే పిలుపు కాదట, నువ్వు వెళ్ళి గుమ్మంలో నిలబడి పిలవాలట. ఇంకోటి, ఆమె మాటల్లోనే రాస్తున్నాను: "వచ్చి వంటింట్లో కూర్చుంటాను. నా చోటు అక్కడ చూపించింది కదా, అక్కడే తింటాను. ముందుగదిలోకి రమ్మని బతిమాలొద్దని చెప్పు."

ఆమె ఊరికే అనడంలేదక్కా. నేను బతిమాలి చూశాను.

లమ్జెద్

*

స్ఫాక్స్,
4 సెప్టెంబరు 1998

తమ్ముడూ,

వచ్చే గురువారం, మధ్యాహ్నం. నువ్వు రాకపోతే నేనే టూనిస్ వచ్చి నీ చెవి పట్టుకుని లాక్కొస్తాను. బూరావీని కూడా తీసుకురా. బుధవారం అమ్మార్ కారులో నేనే వచ్చి అతని గుమ్మంలో నిలబడి పిలుస్తాను, తలుపు వేసేసినా సరే.

ముందుగదిలో పరుపులన్నీ తీయించేశాను. వంటింట్లో చాపలు పరిచాను, అందరి తిండీ అక్కడే. "వంటింట్లోనా?" అని నజీహా ఫోన్‌లో మూడుసార్లు అడిగింది. "అవును, వంటింట్లోనే, చేప కూడా అక్కడే దాటుతుంది, రాదలుచుకుంటే రండి" అన్నాను. వస్తానంది. మీ బావ గొణుగుతున్నాడు, గొణగనీ. తడిసిన పరుపు.

నిన్న పిలవడానికి వెళ్ళాను. పెళ్ళినాటి పట్టుబట్టలే కట్టుకున్నాను. చేతిలో ఆ చెక్క చెప్పు. తలుపు కొట్టాను.

"ఎవరు?" అంది.

"షెద్లియాని."

"ఏ షెద్లియా?"

"మీ అన్న కూతుర్ని, అత్తా."

"మా అన్నకి కూతురుందా?"

సందులో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పక్కింటావిడ గుమ్మంలో కూర్చుంది. నాకు కోపం వచ్చింది, లమ్జెద్. అప్పుడు కూడా వచ్చింది. చెప్పు అక్కడే పడేసి వెళ్ళిపోదామనుకున్నాను. వెళ్ళలేదు.

"నువ్వు పెంచినదాన్ని" అన్నాను.

"నిన్ను దొంగ అన్నదాన్ని" అన్నాను.

"నీ ముఖం ముందు నిలబడి నిన్ను పోల్చుకోనిదాన్ని. రెక్క పట్టుకుని వంటింట్లోకి తోసినదాన్ని."

గడియ తీసింది. సన్నబడింది, నా భుజం దాకా కూడా లేదు. నా చేతిలో చెప్పు తీసుకుని, తిప్పి చూసి, కింద పెట్టి కాలు దూర్చింది. నేను లోపలికి అడుగు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"పిలువు" అంది.

నా కూతురు చేప దాటుతోంది, నువ్వు రావాలి అన్నాను. వినపడలేదంది. మళ్ళీ అన్నాను. సందు చివరింటి వాళ్ళకి వినపడలేదంది. ఉన్న గొంతంతా పెట్టి అరిచాను, అత్తా, మా ఇంటికి రా, నువ్వు లేకుండా మాకు తంతు లేదు అని. అరుస్తూనే ఏడ్చాను. మూడోసారికి నా గొంతు పోయింది.

"వినపడింది" అంది.

నీ అక్క,
షెద్లియా